సెలవులలో నే పుస్తకములు చదువవలెను?

వార్షిక పరీక్షలు ముగిసి, ఏప్రిల్ నెల చివర పాఠశాల తలుపులు మూయబడునప్పుడు ప్రతి విద్యార్థి చేతను ఒక ప్రగతిపత్రమును, ప్రతి విద్యార్థి మనస్సున ఒక ప్రయాణమును ఉండును. అమ్మమ్మగారి యూరికి పోవువారు కొందఱు. మేనమామ యింటికి పోవువారు కొందఱు. జగిత్యాలనుండి కోరుట్లకో, కోరుట్లనుండి సిరిసిల్లకో పోయి పెండ్లిండ్లు చూచి వచ్చువారు కొందఱు. బట్టలు, తినుబండారములు, బంధువుల బిడ్డల కియ్యవలసిన బొమ్మలు మొదలగువానిని వారము దినములు ముందుగనే ఆలోచించి సర్దుకొందుము. పుస్తకమును మాత్రము బస్సు వచ్చు వేళకు చేతికందినదానిని సంచిపైన పడవేసికొందుము. లేదా బొత్తిగా మఱచిపోవుదుము. కాలికి చెప్పులను ఎన్నుకొనుటలో చూపు శ్రద్ధలో సగమైనను కంటికిని మనస్సునకును కావలసిన పుస్తకమును ఎన్నుకొనుటలో చూపితిమేని మన సెలవులు మఱియొక తీరున గడచును. ఈ విషయమును గూర్చి నా యనుభవమున దోచిన మాటలు కొన్ని ఈ సంచికయందు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

సెలవు అను మాటకు మన భాషయందు అనుమతి యనియు, విరామమనియు, వ్యయమనియు కూడ అర్థములు గలవు. ఇది నాకు మిక్కిలి సార్థకముగ దోచును. వేసవి సెలవులు సుమారు ఏడు వారములు. అది మన కియ్యబడిన విరామము; అదే మనము వ్యయపెట్టవలసిన సొమ్ము. రూపాయిని వ్యయపెట్టునపుడు సంతలో నాలుగు దుకాణములు తిరుగుదుము గదా! ఏడు వారములను వ్యయపెట్టునపుడు ఒక్క గడియయైనను ఆలోచింపకుండుట తగునా?

అయితే సెలవు అందఱి యిండ్లలో ఒకే తీరున నుండదు. వేసవి పఠనమును గూర్చి వ్రాయువారు సాధారణముగా చల్లని కొండప్రదేశమున వాలుకుర్చీలో కూర్చుండి చదువుకొను పాఠకుని భావించుకొందురు. మన ప్రాంతములలో నట్టి పాఠకు డెక్కడ నున్నాడు? జగిత్యాల చుట్టునున్న మామిడితోటలకు వేసవియే పనికాలము. కాయ కోయుట, ఏఱుట, పెట్టెలలో సర్దుట, ఢిల్లీవంటి దూరపట్టణములకు పోవు లారీల కెత్తుట, ఇవన్నియు మనవారికి సెలవులలోనే వచ్చి పడును. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములందు వేలాది స్త్రీలు ఇంటి యరుగులమీద బీడీలు చుట్టుదురు. సిరిసిల్లలో మరమగ్గములకు ఎండలేదు, వానలేదు. ఎన్నియో యిండ్లలో తండ్రి దుబాయిలోనో, మస్కటులోనో, సౌదీ దేశములోనో కూలిపని చేయుచు, రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి వచ్చి పోవుచుండును. ఇట్టి యిండ్ల బిడ్డలకు సెలవు లనగా తీరిక యని యర్థము కాదు. బడిపని పోయి ఇంటిపని వచ్చుట యని యర్థము. కావున తీరికగలవానికి మాత్రమే పనికివచ్చు పట్టికను వ్రాసి యిచ్చుట నాకు సమ్మతము కాదు. పనిలోనున్న బిడ్డకును చేతికందు పుస్తకమేది యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేను కోరుట్లలో పెరిగితిని. మా అవ్వ బీడీలు చుట్టెడిది. వేసవి మధ్యాహ్నములందు మా యింటి ముందరి వేపచెట్టు నీడను నలుగురైదుగురు స్త్రీలు చాటలు ఒడిలో నుంచుకొని కూర్చుండెడివారు. తునికాకును తడిపి మెత్తపఱచుట, రేకు కొలతకు కత్తెరతో కత్తిరించుట, పొగాకు పోసి చుట్టుట, కొన మడిచి దారము కట్టుట అను ఈ పనిలో చేతులకు తెఱపిలేదు. కన్నులు చేతులను విడువవు. చెవులు మాత్రము ఊరకనుండును. ఈ చెవుల సంగతి మా బాపు కనిపెట్టెను. ఆయన శాఖాగ్రంథాలయమునుండి ఒక పుస్తకము తెచ్చి నాచేత బెట్టి, “నువ్వు చుట్టే బీడీలు లెక్కకు రావు గాని, నువ్వు సదివితే వీళ్ళు ఇంకో నూరు ఎక్కువ చుడుతరు, సదువు బిడ్డా” అనెను. ఆ విధముగ నేను పండ్రెండేండ్ల వయస్సున ఆ వేపచెట్టు క్రింద పాఠకురాల నైతిని.

ఆ వేసవిని చదివినది కందుకూరి వీరేశలింగము పంతులుగారి “రాజశేఖర చరిత్రము”. అది 1878లో పత్రికయందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపము దాల్చినది. ఆంగ్లమున గోల్డుస్మిత్తు వ్రాసిన “వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు” అను నవల దానికి ప్రేరణము. పుస్తకమారంభమున గోదావరీ వర్ణనము కలదు. నేను దానిని మిక్కిలి గంభీరముగ చదువుచుండగా ఒక ముదుసలి, “గోదారి మాకెరుకే బిడ్డా, ధర్మపురిల మునిగి వచ్చినం. ఆ ఇంటోల్లకు ఏమైందో అది చెప్పు” అనెను. కాని కుటుంబము కాశికి బయలుదేఱి త్రోవలో దొంగలచేత జిక్కి, రుక్మిణి దెబ్బతిని పడిపోయిన ఘట్టము వచ్చినప్పుడు చేతులు నిలిచిపోయినవి. మఱునాడు చాటలు పట్టుకొని అందఱు వాడుక వేళకు ముందే వచ్చి కూర్చుండిరి. రుక్మిణి బ్రదికెనా లేదా యని తెలిసికొనువఱకు వారికి నెమ్మది లేకపోయెను. శిక్షణ కళాశాలలో తరువాతి కాలమున పఠనబోధనమును గూర్చి నేను వినిన ఉపన్యాసములు అనేకములు. కాని పుస్తకము దేనిచేత మనుష్యుని పట్టి నిలుపునో నేను నేర్చుకొన్నది ఆ చాటల నడుమనే.

దీనినిబట్టి పుస్తకముల యెన్నికయందు మొదటి సూత్రమును చెప్పెదను. పుస్తకమును ఒంటరిగ చదువుకొనుటకా, నలుగురికి చదివి వినిపించుటకా యని ముందు నిశ్చయించుకొనవలెను. వినిపించుటకైనచో కథ నడక గలది కావలెను; తరువాత నేమి జరుగునో యను ఆతురతను పుట్టింపవలెను. ఒక బిడ్డ చదువగా నలుగురు వినినచో ఒక్క పుస్తకము ఐదుగురిదగును. ఇంటిలో చదువురాని పెద్దలున్నయెడల ఆ పఠనముచేత బిడ్డకు గౌరవమును, పెద్దలకు వినోదమును, ఇరువురికిని ఒకే ముచ్చటయు లభించును.

రెండవ సూత్రము: పోవుచోటును, దొరకు కాలమును చూచి పుస్తకమును ఎన్నుకొనవలెను. మా అక్కను సిరిసిల్లకిచ్చిరి. మా బావగారు మరమగ్గముల కార్మికులు. అచ్చటివారు ఆ మగ్గములను సాంచా లందురు. సాంచాల చప్పుడు వినినవారికి తెలియును: అచ్చట రెండువందల పుటల నవలను తెఱచుట వ్యర్థము. ఒక పుట చదువులోపల దారము తెగును, ఎవరో పిలుతురు, కరెంటు పోవును. అట్టి చోటికి పద్యమే తోడు. ధర్మపురి నివాసియైన శేషప్ప కవి రచించిన “నరసింహ శతకము”ను, వేమన పద్యములను నేను సిరిసిల్లకు తీసికొనిపోవుదును. ఒక్కొక్క పద్యము నాలుగు పాదములలోనో, కొలది పాదములలోనో ముగియును, ఒక్కొక్కటి స్వతంత్రము, నడుమ విడిచినను నష్టము లేదు. మా బావగారు, “ఏదన్న ఒక పద్యం చెప్పు మరదలా, ఈ కండె అయిపోయేలోపట” అని యడుగుదురు. నేను మగ్గపు చప్పుడునకు పైగా గొంతెత్తి చెప్పుదును. కండె మార్చులోపల మనస్సునకు పట్టు సాహిత్యమును మన పూర్వులు సిద్ధముచేసి యుంచినారు, శతకమనగా అదియే.

జగిత్యాల తోటలలో సంగతి వేఱు. కాయ కోయువారు ప్రొద్దున పనిచేసి, ఎండ ముదిరిన వెనుక చెట్టు క్రింద రెండుగంటలు ఆగుదురు. తోటకు కావలియుండు బాలునికి దినమంతయు తీరికయే. అట్టివారికి నవల తగును. దాశరథి రంగాచార్యులుగారి “చిల్లర దేవుళ్లు”, వట్టికోట ఆళ్వారుస్వామిగారి “ప్రజల మనిషి” అను నవలలు నిజాము కాలపు తెలంగాణ పల్లెను కన్నుల గట్టునట్లు చూపును. వానిలోని గడీలు, దొరలు, వెట్టి అనునవి మన తాతముత్తాతలు చూచినవే. పైతరగతుల విద్యార్థులు వీనిని చదివి, యింటిలో వృద్ధులున్నయెడల వారిని ప్రశ్నింపవలెను. పుస్తకము ఒక సాక్షి, తాత మఱియొక సాక్షి. ఇరువురి మాటలను పోల్చుట చరిత్ర విద్యార్థికి తొలి యభ్యాసము.

ఇక ప్రయాణమున చదువు పుస్తకమును గూర్చి ఒక్క నిదర్శనము. 1904లో మోహనదాసు గాంధిగారు దక్షిణాఫ్రికాయందు జోహన్నెసుబర్గునుండి డర్బనునకు రైలులో పోవుచుండగా, పోలకు అను మిత్రుడు స్టేషనునకు వచ్చి, త్రోవలో చదువుకొమ్మని రస్కిను వ్రాసిన “అంటు దిస్ లాస్టు” అను చిన్న గ్రంథము నిచ్చెను. ఆ గ్రంథము పేరు మత్తయి సువార్తయందలి ద్రాక్షతోట కూలివారి యుపమానమునుండి గ్రహింపబడినది. గాంధిగారు దానిని చేతబట్టిన తరువాత విడువలేకపోయిరి. ఆ రాత్రి వారికి నిద్రపట్టలేదు. తమ జీవితమును ఆ గ్రంథమునకు అనుగుణముగ మార్చుకొన నిశ్చయించి, ఆ యేడే ఫీనిక్సు ఆశ్రమమును స్థాపించిరి. 1908లో దాని సారమును “సర్వోదయ” మను పేర గుజరాతీలో ప్రకటించిరి. ఒక దినపు రైలుప్రయాణమునకు ఒక స్నేహితుడు ఆలోచించి యెన్నుకొని యిచ్చిన పుస్తకము ఎంత పని చేసెనో చూడుడు! మీ మిత్రుడు ఊరికి పోవునపుడు బస్సుస్టాండుకు వట్టిచేతులతో పోకుడు.

ఏ పుస్తకములను తీసికొనిపోవలెను? నేను ప్రతి వేసవిని మూడు పుస్తకములను సంచిలో నుంచుకొందును: దగ్గఱిది యొకటి, దూరపుది యొకటి, నా శక్తికి కొంచెము మించినది యొకటి.

దగ్గఱి దనగా మన నేలను గూర్చినది. మనవారు తఱచుగ, “మన యూళ్ళలో నేమున్నది?” అందురు. కరీంనగరమునుండి జగిత్యాలకు వచ్చు త్రోవలో గంగాధర కలదు. ఆ ప్రాంతమందలి కుర్క్యాల సమీపమున బొమ్మలమ్మగుట్టపై పదియవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము కలదు. దానియందు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడును గలవు. తెలుగున కందపద్యములు గలవు. నన్నయభట్టారకుని భారతమునకంటె ముందే మన ప్రాంతమున కందపద్యము నడచినదనుటకు ఆ గుట్టయే సాక్షి. తెలుగునకు 2008లో ప్రాచీన భాష యను గౌరవము లభించుటకై చూపిన యాధారములలో నిదియు నొకటి. ఈ జినవల్లభుని సోదరుడే కన్నడ ఆదికవి పంపడు. ఆయన వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి యాస్థానమున నుండి “విక్రమార్జున విజయము”ను రచించెను. వేములవాడకు మ్రొక్కు చెల్లింపను, చుట్టముల చూడను పోవు మనవారిలో ఎందఱికి ఈ సంగతి తెలియును? ప్రయాణమునకు ముందు నాలుగు పుటలు చదివిపోయినవాని కన్నులకు గుట్ట గుట్టగా కనబడదు, గ్రంథముగా కనబడును.

వేములవాడ సమీపమందలి హనుమాజీపేటయందు 1931లో సి. నారాయణరెడ్డిగారు జన్మించిరి. అది నిజాము రాజ్యకాలము. పాఠశాలలో బోధనాభాష ఉర్దూ. ఆయన ఉర్దూ మాధ్యమమున చదువుకొని, తెలుగు కవియై, “విశ్వంభర” కావ్యమునకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును బొందిరి. ఆ కాలపు తెలంగాణ బాలురకు తెలుగు చాలవఱకు బడి వెలుపల దొరకిన చదువు: ఇంటిలో, వీధిభాగవతములలో, హరికథలలో, గ్రంథాలయములలో. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో గాక పుస్తకముతో బదులు చెప్పిరి; 1934లో వెలువడిన “గోలకొండ కవుల సంచిక”యందు 354 కవులను చేర్చి చూపిరి. ఇట్టి చరిత్ర గలవారము, మన భాషయందలి పుస్తకమును బరువని సంచినుండి తీసివేయ వచ్చునా?

దూరపు పుస్తక మనగా మనలను గడప దాటించునది. ప్రయాణము చేయువారికిని, చేయలేని వారికిని ఏనుగుల వీరాస్వామయ్యగారి “కాశీయాత్ర చరిత్ర” కంటె మంచి తోడు నాకు తెలియదు. ఆయన మదరాసు సుప్రీముకోర్టున ద్విభాషి. 1830 మే 18న మదరాసునుండి బయలుదేఱి, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరెను. మజిలీ మజిలీకి కనబడిన సంగతులను మిత్రునకు వ్రాసి పంపెను. అవి 1838లో గ్రంథముగ అచ్చుపడినవి. ఏ యూర నీరు మంచిది, ఎచ్చట బస దొరకును, త్రోవ యెట్లున్నది, వస్తువుల వెల యెంత, జనుల నడవడి యెట్టిది అను విషయములన్నియు నందు గలవు. రైలు లేని కాలమున మన పొరుగు జిల్లాల త్రోవ లెట్లుండెనో ఎఱుగగోరువారు దానిని చదువవలెను. చదివి, తాము జగిత్యాలనుండి సిరిసిల్లకు పోయిన ప్రయాణమునైనను అట్లే రెండు పుటలు వ్రాసి చూడవలెను.

దీని ప్రక్కనే గుఱ్ఱము జాషువగారి “గబ్బిలము”ను ఉంచుడు. అది 1941లో వెలువడినది. కాళిదాసుని మేఘసందేశమున యక్షుడు మేఘమును దూతగ పంపినట్లు, ఇందు అంటరానివాడని తలుపు మూయబడిన యొక పేదవాడు కాశీనాథునకు తన మొఱను గబ్బిలముచేత పంపును. గుడిలోనికి మనుష్యునకు ప్రవేశము లేదు, గబ్బిలమునకు గలదు! వీరాస్వామయ్యగారు పరివారముతో కాశికి పోయిరి. జాషువగారి నాయకునికి త్రోవలేదు, మాట మాత్రము పోవలెను. రాజశేఖరుని కుటుంబము కాశికి బయలుదేఱి నడుమనే చెదరిపోయెను. ఒకే క్షేత్రమునకు మూడు యాత్రలు. మూడు కన్నులతో చూచిన ఒకే దేశము. ఈ మూడింటిని ఒక్క వేసవిలో చదివిన విద్యార్థికి నేను వేఱే సాంఘిక శాస్త్రము చెప్ప నక్కఱలేదు. ఒక పదవ తరగతి బాలుడు గబ్బిలమును చదివి వచ్చి, “టీచర్, మా నాయన సౌదీనుండి పంపే మాటలు గూడ ఇట్లనే ఉంటయి” అనెను. నేను బదులు చెప్పలేదు. కవి ఉద్దేశము ఆ బాలునికి నాకంటె ఎక్కువ తెలిసినది.

శక్తికి మించిన పుస్తక మనగా, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని నడువవలసినది. ప్రతాపరెడ్డిగారి “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” 1949లో వెలువడినది. తెలుగున మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో దానికే లభించెను. రాజుల యుద్ధములను గాక, జనుల తిండిని, బట్టను, ఆటలను, నమ్మకములను చరిత్రగ వ్రాసిన గ్రంథ మది. పైతరగతివారు దినమునకు నాలుగైదు పుటలు చదివిన చాలును. తెలియని మాటలను వ్రాసికొనుడు, తెలిసినపిమ్మట కొట్టివేయుడు. చిన్నతరగతులవారికి చందమామ పాత సంచికలే యీ పని చేయును. 1947 జూలైలో ఆరంభమైన ఆ పత్రిక ముద్రణము నిలిచిపోయినను, పాత సంచికలు ఇంకను ఎందఱి యిండ్లలోనో పెట్టెల యడుగున నున్నవి. వెదకుడు.

ఇప్పుడు ఒక బాలిక సంగతి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి ముగించిన యొక బాలిక సెలవులకు పుస్తకము తీసికొనుటకు నిరాకరించెను. “నాకు టైం ఉండది టీచర్. మా అమ్మకు చేతులు నొస్తున్నయి. బీడీలు నేనే చెయ్యాలె. జూన్ల వస్తనో రానో” అనెను. ఆమె తల్లియు పిలువగా వచ్చి, “పుస్తకం అన్నం పెడతదా టీచరమ్మా?” అని యడిగెను. ఇది పరిహాసపు ప్రశ్న కాదు. వేయి బీడీలకింత యని కూలి లెక్కించుకొను నిల్లాలు అడుగదగిన ప్రశ్నయే. నేను వాదము చేయక, జవహరులాలు నెహ్రూగారు తమ కూతునకు వ్రాసిన లేఖల పుస్తకమును ఆ బాలిక చేతబెట్టితిని. 1928 వేసవిలో పదేండ్ల యిందిర ముస్సోరీయందుండగా, తండ్రి యలహాబాదునుండి వ్రాసిన ముప్పది లేఖ లవి. భూమి యెట్లు పుట్టెను, జీవు లెట్లు వచ్చిరి, భాష లెట్లు వేఱుపడెను అను సంగతులను బిడ్డకు బోధపడునట్లు చెప్పిన పుస్తకము. దానిని ప్రేమ్‌చందుగారు హిందీలోనికి అనువదించిరి. లేఖ యొక్కొక్కటి చిన్నది. రాత్రి అన్నము తిన్న తరువాత పది పదునైదు నిమిషములలో ముగియును. “దినమున కొకటి చదివి, మీ యమ్మకు తెలుగున చెప్పు. అంతకంటె నేమియు వలదు” అంటిని.

జూన్‌లో ఆ బాలిక వచ్చెను. తల్లియే వెంటబెట్టుకొని వచ్చి, “నేల ముందుగాల నిప్పులెక్క ఉండెనట గదా టీచరమ్మా!” అని నన్నడిగెను. ముప్పది లేఖలును ఆ యింటిలో చెప్పబడినవి. గల్ఫునందున్న తండ్రికి కూడ శుక్రవారములందు ఫోనులో కొన్ని చెప్పబడినవి. పుస్తకమే ఆ బాలికను తిరిగి రప్పించినదని నేను చెప్పను. ఆ యింటికి ఆ వేసవిని చుట్టములు కొంత సాయము చేసిరి. తల్లి చేతుల నొప్పి కొంత తగ్గెను. కాని యేడు వారములు బడికిని ఆ బిడ్డకును నడుమ నొక దారము తెగక నిలిచియుండెను. దారము తెగకుండుట యెంత ముఖ్యమో సిరిసిల్లవారికి నేను చెప్ప నక్కఱలేదు.

అందఱును తిరిగి రారు. అదే సంవత్సరము నేను పుస్తకమిచ్చిన యొక బాలుడు పాఠశాలకు మఱల రాలేదు. పనికై దూరపట్టణమునకు పోయెనని తెలిసినది. ఆ పుస్తకము నేటికిని మా చిట్టాలో అతని పేరనే యున్నది. దానిని పోయినట్లు వ్రాయుమని సహోద్యోగి యొకరు చెప్పిరి, నేను వ్రాయలేదు. అది పోలేదు, చదువరియొద్ద నున్నది. ఏనాటికైనను అతడు దానిని తెఱచును.

“పుస్తకములు కొనుటకు మాకు సొమ్మెక్కడిది?” అని తల్లిదండ్రు లడుగవచ్చును. ప్రభుత్వ గ్రంథాలయములు మీవే. హైదరాబాదు రాష్ట్రమున 1955లోనే గ్రంథాలయ చట్టము వచ్చినది. ఇంటిపన్నుతో కూడ గ్రంథాలయపు పన్నును మీరు చెల్లించుచున్నారు. సొమ్ము చెల్లించి సరకు తెచ్చుకొననివారు లోకమున మన మొక్కరమే కావలయును! కొద్దిపాటి ధరావతు కట్టి సభ్యులైనచో పుస్తకములు ఇంటికి తెచ్చుకొనవచ్చును. భారతీయ గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడగు రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, ప్రతి చదువరికి తన పుస్తకము దొరకవలెననియు, ప్రతి పుస్తకమునకు తన చదువరి దొరకవలెననియు చెప్పిరి. ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొనిపోయి యింటింటికిని అమ్మిరి. ఒకప్పుడు పుస్తకము మన గడపకు నడచివచ్చినది. మనము దాని గడపకు నడచిపోవుట కష్టమా?

తల్లిదండ్రుల కొక్క మనవి. బిడ్డ చేతిలోని సెల్‌ఫోనును లాగికొనినంతమాత్రమున పుస్తకము ఆ చేతిలోనికి రాదు. ఖాళీ చేయి మఱల ఫోనునే వెదకును. ముందు పుస్తకమునుంచి, తరువాత ఫోనును తీయుడు. మీకు చదువు రానిచో చదివించుకొని వినుడు. “ఈ దినము ఏమి చదివితివి?” అను తల్లి ప్రశ్నకు సమానమైన బహుమానమును ఏ పాఠశాలయు ఇయ్యజాలదు.

విద్యార్థులారా! సంచిలో స్థలము కొంచెమే. కావున మూడు పుస్తకములు పట్టనిచో ఒక్కటి తీసికొనిపొండు. దానిని పోవుచోటు చూచి, దొరకు వేళ చూచి, వెంటనుండు మనుష్యులను చూచి యెన్నుకొనుడు. పెద్దపుస్తకమని గొప్పకు తీసికొనిపోవలదు, చిన్నదని సిగ్గుపడవలదు. నచ్చనిచో ముప్పది పుటల తరువాత విడిచి మఱియొకటి తెచ్చుకొనుడు; నచ్చినచో దానిని మీయొద్దనే దాచుకొనక, మామిడితోటలోనున్న మిత్రునకును, చాట ముందు కూర్చున్న చెల్లెలికిని వినిపింపుడు. గ్రంథాలయపు పుస్తకమునకు అట్ట వేయుడు, మూల మడువకుడు, గడువునకు ముందు తిరిగి యిండు. జూన్‌లో గంట మ్రోగినప్పుడు మీలో ప్రతియొక్కరును వచ్చి, ఏమి చదివితిరో నాకు చెప్పవలెనని కోరుచున్నాను. మీరు చెప్పుదురేని, ఆ నెల మొదటి వారము పాఠము లన్నియు ఆపి నేను వినుటకు సిద్ధముగ నున్నాను.